ఉద్యోగానికి రాజీనామా, ఉద్యోగంతో రాజీ

పోటీ పరీక్షల గ్రూపుల్లో ఓ ఆనవాయితీ ఉంది. ప్రపంచంలో ఎక్కడ ఏ పెద్ద నాయకుడు గద్దె దిగినా, మర్నాటికల్లా ఆయన ప్రసంగం లోంచి ఏరిన కఠిన పదాల జాబితా పీడీఎఫ్ రూపంలో చేతులు మారుతూ ఉంటుంది. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం, అట్టడుగున "ఆల్ ద బెస్ట్". అందులో ఉండేవి ఎప్పుడూ ఒకే జాతి మాటలు: ఇన్‌డిస్పెన్సబుల్, డార్వీనియన్, పీర్‌లెస్. పొడుగ్గా ఉండాలి, నోరు తిరక్కూడదు. అంతే అర్హత.

రాజీనామా ప్రసంగంతో ఇంగ్లీషు నేర్చుకోవడం మంచి పద్ధతేనని నా అభిప్రాయం. రోజూ ఓ సంపాదకీయం ముందేసుకుని కుస్తీ పట్టడం కన్నా మేలు కూడా. ఆ జాబితాతో మాత్రం ఒరిగేదేమీ లేదు. ఇలాంటి ప్రసంగంలో పట్టుకోవలసినవి పొడుగు మాటలు కావు. విల్, డెలివర్, రిగ్రెట్, రిజైన్ లాంటి పొట్టి మాటలు. ఇవి మనకు వచ్చనుకుంటాం. దొరికిపోయేది అక్కడే.

రిజైన్ పక్కన ఏం పెడతాం?

2022 జులై 7న అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ డౌనింగ్ స్ట్రీట్‌లో తన ఇంటి గుమ్మం ముందు నిలబడి కాస్త అటూ ఇటూగా ఆరు నిమిషాలు మాట్లాడారు. అంతకు ముందు రెండు రోజుల్లోనే రిషి సునాక్, సాజిద్ జావిద్‌లతో మొదలై యాభై మందికి పైగా మంత్రులు, సహాయకులు తప్పుకున్నారు. అంత జరిగాక ఆయన నోరు విప్పితే, ఆ ప్రసంగం మొత్తంలో "రిజైన్" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. పార్టీకి కొత్త నాయకుడు రావాలన్నది పార్టీ ఎంపీల "విల్", అంటే అభీష్టం అన్నారు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఉద్యోగాన్ని వదులుకుంటున్నానని చెప్పడానికి "గివింగ్ అప్" వాడారు. రాజీనామా ప్రసంగంలో రాజీనామా లేదు. ఇరవై మాటల జాబితా ఈ సంగతి ఎలా చెబుతుంది? జాబితాలో ఉన్న మాటలే ఉంటాయి, లేని మాట ఉండదు కదా.

మిగతావాళ్ల నోట ఆ మాట ఎలా వచ్చిందో చూద్దాం. జాన్సన్‌కు ముందు ప్రధాని థెరెసా మే 2019 మే 24న "రిజైన్ యాజ్ లీడర్" అన్నారు. అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1974 ఆగస్టు 8 రాత్రి టీవీలో "ఐ షల్ రిజైన్ ద ప్రెసిడెన్సీ" అన్నారు, వెంటనే "ఎఫెక్టివ్ ఎట్ నూన్ టుమారో" అని ముహూర్తం కూడా చెప్పారు. అంటే పదవి పేరు నేరుగా రావచ్చు, హోదా చెబితే "యాజ్" రావాలి, కంపెనీయో ఉద్యోగమో అయితే "ఫ్రమ్" రావాలి. ఏ గొడవ మీద తప్పుకున్నారో చెప్పాలంటే "ఓవర్" రావాలి.

మరి మనం ఏం రాస్తాం? "ఐ రిజైన్డ్ టు మై జాబ్." ఈ "టు" ఎక్కణ్నుంచి ఊడిపడిందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. "ఉద్యోగానికి రాజీనామా చేశాను" అంటాం కాబట్టి ఆ "కి" నేరుగా "టు" అయి కూర్చుంటుంది. చిక్కేమిటంటే ఇంగ్లీషులో "రిజైన్డ్ టు" అనే జంట విడిగా ఉంది, దాని అర్థం వేరు. "ఐ యామ్ రిజైన్డ్ టు మై జాబ్" అంటే "ఏదోలే, ఈ ఉద్యోగంతోనే సరిపెట్టుకున్నాను" అని. పోతున్నానని చెప్పబోయి, పోను, ఇక్కడే పడి ఉంటానని చెప్పినట్టు. హెచ్చార్ వాళ్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు కాబట్టి బతికిపోతున్నాం.

తమాషా ఏమిటంటే మన మాటలోనూ ఇదే మడత ఉంది. రాజీనామా పారశీకం నుంచి వచ్చింది: రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. హిందీ, ఉర్దూల్లో రాజీనామా అంటే ఇద్దరు ఒప్పుకుని రాసుకున్న కాగితం, పదవి వదులుకోవడానికి వాళ్లు ఇస్తీఫా అంటారు. మనమూ, కన్నడిగులూ, మరాఠీలూ మాత్రం పదవి వదలడానికే రాజీనామాను ఖాయం చేశాం, సర్దుకుపోవడానికి రాజీని ఉంచుకున్నాం. ఒకే వేరు నుంచి వదిలిపోవడమూ సర్దుకుపోవడమూ రెండూ పుట్టాయి, అక్కడా ఇక్కడా. జాన్సన్ రిజైన్ చేశారు గానీ రిజైన్డ్‌గా మాత్రం లేరు, అంటే రాజీనామా ఉంది, రాజీ లేదు. ఈ ఒక్క వాక్యం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకేలా కుదురుతుంది. ఇది పట్టుకున్న విద్యార్థికి "రిజైన్డ్ టు" ఇక జన్మలో మరుపు రాదు.

ఇంకో చిన్న ప్రమాదం. ఫుట్‌బాల్ వార్తల్లో ఆటగాడు "రీ-సైన్" చేశాడని వస్తుంది. మళ్లీ ఒప్పందం మీద సంతకం పెట్టాడని, అంటే పోకుండా ఉండిపోయాడని. మధ్యలో గీత జారిపోతే చూపుకు అది రిజైన్‌తో సమానం, అర్థం పూర్తిగా తలకిందులు. పలకడంలో మాత్రం స్పష్టంగా తేడా: ఒకదానిలో "జ", రెండోదానిలో "స". రిజైన్‌లో రాసి ఉన్న "గ" పలకదు, రెజిగ్నేషన్‌లో పలుకుతుంది.

"పేపర్స్ పెట్టాడు" అనే మాట గురించీ ఒక ముక్క. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో అందరికీ తెలిసిన మాట అది, తప్పేమీ కాదు, మన దేశపు ఇంగ్లీషు. లండన్‌లో ఉన్న మేనేజరుతో అంటే మాత్రం ఏ పేపర్లని అడగొచ్చు. అక్కడ "హ్యాండెడ్ ఇన్ మై నోటీస్" అనాలి.

ఏ కోశానా

జాన్సన్ ప్రసంగంలో అందరూ గుర్తుపెట్టుకున్న భాగం వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే బ్రిటన్ పార్లమెంటులో, మంద మనస్తత్వం బలమైనదన్న చోటు: "వెన్ ద హెర్డ్ మూవ్స్, ఇట్ మూవ్స్." విని రాసుకునేటప్పుడు ఇక్కడ తప్పనిసరిగా జారతారు. మంద అనే హెర్డ్‌కూ, విన్నాం అనే హెర్డ్‌కూ పలకడంలో వెంట్రుకవాసి తేడా లేదు. కోవిడ్ పుణ్యమా అని "హెర్డ్ ఇమ్యూనిటీ" తెలిసినవాళ్లు మాత్రం గట్టెక్కుతారు.

ఆ వెంటనే వచ్చేది "నో వన్ ఈజ్ రిమోట్లీ ఇన్‌డిస్పెన్సబుల్". జాబితా చేసేవాడు చివరి మాటను ఎత్తుకుపోయి దాని ముందున్న రిమోట్లీని వదిలేస్తాడు. అసలు సరుకు ఆ వదిలేసిన దాంట్లో ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు రిమోట్లీ అంటే ఇంట్లో కూర్చుని పనిచేయడం. ఇక్కడ దాని అర్థం "ఏ కోశానా". ఎవరూ ఏ కోశానా, లేకపోతే గడవనంతటివాళ్లు కారు. ఈ అర్థంలో రిమోట్లీకి పక్కన కాదనే మాటో, ప్రశ్నో, "ఇఫ్" లాంటి సందేహమో కావాలి. "ఆమె రిమోట్లీ ముఖ్యమైన వ్యక్తి" అని ఇంగ్లీషులో అనరు. మనమూ "ఏ కోశానా తెలివైనవాడు" అనం, "ఏ కోశానా తెలివైనవాడు కాదు" అంటాం. నిఘంటువులో "దూరంగా" అన్న అర్థం చూసి మూసేస్తే ఈ కిటుకు దొరకదు.

"ప్రెట్టీ రిలెంట్‌లెస్ స్లెడ్జింగ్" అన్నది మనకు ఉచితంగా దొరికిన మాట. ప్రపంచంలో ఇంగ్లీషు నేర్చుకునే జపాన్‌వాడో, బ్రెజిల్‌వాడో ఇక్కడ కూలబడతాడు. మనవాడు పడడు. బ్యాట్స్‌మన్ చెవిలో వికెట్ కీపర్ ఏం గొణుగుతాడో, ఎందుకు గొణుగుతాడో ఇక్కడ పదేళ్ల పిల్లవాడికీ తెలుసు. నెలల తరబడి తన మీద వచ్చిన విమర్శలకు జాన్సన్ ఆ మాట వాడారు. విమర్శ అంటే అందులో నిజం ఉందేమో ఆలోచించాలి. స్లెడ్జింగ్ అంటే ఆలోచించక్కర్లేదు, అవతలివాడు మన ఏకాగ్రత చెడగొట్టడానికి కూస్తున్నాడని తోసేయొచ్చు. మాటను ఎంచుకోవడంలోనే వాదన మొత్తం ఉంది. ముందున్న ప్రెట్టీకి అందంతో సంబంధం లేదు, "బాగానే" అని.

ప్రభుత్వాన్ని మార్చడం "ఎక్సెంట్రిక్" అని సహచరులకు చెప్పి చూశానన్నారు. మెకానికల్ డిప్లొమా చేసినవాళ్లకు ఇది యంత్రం భాగం: కేంద్రం తప్పించి బిగించిన చక్రం. మనిషికి వాడితే తిక్క మనిషి, కానీ కాస్త ముద్దుగా. తనను దించడం పిచ్చి పని అనే బదులు తిక్క పని అన్నారన్నమాట. తిట్టూ తిట్టినట్టుంది, మర్యాదా దక్కింది.

"సీ త్రూ" కూడా ఇదే చోట వస్తుంది. తలపెట్టిన పనుల్ని స్వయంగా "సీ త్రూ" చేయలేకపోవడం బాధగా ఉందన్నారు. పనిని సీ త్రూ చేయడం అంటే కడదాకా నిలబడి పూర్తిచేయడం. మనిషిని సీ త్రూ చేయడం అంటే వాడి బండారం కనిపెట్టడం. పక్కన పనుందా, మనిషున్నాడా అన్నదాన్ని బట్టి అర్థం.

పీర్‌లెస్ గురించి కంగారు పడక్కర్లేదు. పీర్ అంటే సాటి, లెస్ అంటే లేని. సాటిలేని. పొడుగు మాటల్లో చాలావాటికి ఇలా తెలుగులో సిద్ధంగా జత ఉంటుంది, కష్టపడి బట్టీ పట్టాల్సినవి కావు.

ఇక "దెమ్స్ ద బ్రేక్స్". గొప్ప ఉద్యోగాన్ని వదలడం బాధగా ఉందని చెప్పి, ఆ వెంటనే ఇది విసిరారు. వ్యాకరణం ప్రకారం తప్పు: దోజ్ ఆర్ అనాల్సిన చోట దెమ్ ఈజ్. తప్పని తెలిసే అన్నారు. ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, గ్రీకు లాటిన్‌లు క్షుణ్ణంగా వచ్చిన మనిషి వీధి భాషలోకి దిగి "ప్రాప్తం అంతే, ఏం చేస్తాం" అన్నట్టు భుజాలెగరేశారు. ఈ మాట అర్థం చేసుకోవాలి, వాడకూడదు. ఐఈఎల్టీఎస్ వ్యాసంలో ఇది రాస్తే పరీక్షకుడు చమత్కారం అనుకోడు, కర్త ఏకవచనమో బహువచనమో తెలియదనుకుంటాడు. ఆ పరీక్షలో పదసంపదకు నాలుగో వంతు మార్కులు, అందులోనూ మాట సందర్భానికీ శైలికీ నప్పిందా అని చూస్తారు. అరుదైన మాట వేశామా అన్నది ఒక్కటే కాదు.

రాజకీయ నాయకుల భాషా నేర్చుకోవాలి?

గట్టి అభ్యంతరమే. రాజీనామా ప్రసంగం నిజం చెప్పడానికి రాసింది కాదు, నిజం చుట్టూ మర్యాదగా ప్రదక్షిణ చేయడానికి రాసింది. నిక్సన్ వాక్యం చూడండి: ఈ పరిణామాల్లో "జరిగి ఉండగల" హాని ఏదైనా ఉంటే దానికి ఎంతో చింతిస్తున్నానన్నారు. "ఎనీ ఇంజురీస్ దట్ మే హావ్ బీన్ డన్." ఎవరు చేశారు? కర్త లేడు. జరిగిందా? "మే". ఎవరికి? తెలియదు. ఇంగ్లీషు నేర్చుకునేవాడు ముందే కర్మణి ప్రయోగంతో సతమతమవుతుంటాడు, వాడికి ఇదా నమూనా?

నమూనా కాదు, ఎక్స్‌రే. ఇదే వాక్యాన్ని కర్తతో తిరగరాయమనండి: "నేను మీకు చేసిన హానికి చింతిస్తున్నాను." రెండూ పక్కపక్కన పెడితే కర్మణి ప్రయోగం ఎందుకు పుట్టిందో పది వ్యాకరణ పాఠాలకన్నా బాగా అర్థమవుతుంది. స్పీకర్ ఫార్మాట్‌లో లేదని రాజీనామాలు పక్కన పడేయడం చూసిన జనం మనం. వాక్యం ఏ అచ్చులో ఉందన్న దానికి ఎంత విలువో మనకు ఒకరు చెప్పాలా?

రెండో అభ్యంతరం ఇంకా న్యాయమైనది. ఆఫీసులో, షాపులో, డాక్టరు దగ్గర అక్కరకొచ్చే మాటలు ఈ ప్రసంగాల్లో ఉండవు. నిజమే. పది వాక్యాలు తడుముకోకుండా మాట్లాడలేని దశలో దీని జోలికి రాకూడదు. వార్త చదివితే ముప్పాతిక అర్థమై, రాయబోతే చెయ్యి ఆగిపోయేవాళ్లకు ఇది మందు. వాళ్లకు కావలసింది కొత్త మాటలు కాదు, తెలిసిన మాటల పొత్తులు.

ఆ పొత్తులు తెలియాలంటే ఒక్క ప్రసంగం చాలదు, మూడు కావాలి. మే తాను బ్రెగ్జిట్‌ను "డెలివర్" చేయలేకపోయానన్నారు. జాన్సన్ 2019లో వచ్చిన మ్యాండేట్‌ను స్వయంగా "డెలివర్" చేయడానికే పోరాడానన్నారు. 2022 అక్టోబరు 20న జాన్సన్ తర్వాతి ప్రధాని లిజ్ ట్రస్ తనను ఎన్నుకున్న మ్యాండేట్‌ను "డెలివర్" చేయలేనన్నారు. మనకు డెలివరీ అంటే కాన్పు, లేదా గుమ్మం ముందు భోజనం ప్యాకెట్. బ్రిటిష్ రాజకీయాల్లో అది "ఇచ్చిన మాట నెరవేర్చడం". మ్యాండేట్‌కు మన పేపర్లు "ప్రజాతీర్పు" అని రాస్తాయి, ఇక్కడ సరిపోతుంది. కానీ "వ్యాక్సిన్ మ్యాండేట్" అన్నప్పుడు అది తీర్పు కాదు, తప్పనిసరి చేసే ఆదేశం.

న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ 2023 జనవరి 19న చెప్పింది ఇంకో రకం ఇంగ్లీషు. ఈ పనికి "న్యాయం చేయడానికి" కావలసినంత ఇక "ట్యాంకులో" లేదన్నారు. ట్యాంకు అంటే బండిలో పెట్రోలు ట్యాంకు, అంటే ఓపిక అడుగంటింది. "డూ ఇట్ జస్టిస్" అయితే సినిమా సమీక్షలు చదివే తెలుగువాళ్లందరికీ తెలుసు, పాత్రకు న్యాయం చేశాడని వారం వారం చదువుతూనే ఉన్నాం. ఆమె ప్రసంగంలో నిఘంటువు తీయాల్సిన మాటలు తక్కువ, నేర్చుకోవాల్సినవి ఎక్కువ.

చేసే పద్ధతి

ట్రస్‌తో మొదలుపెట్టాలి. నిమిషంన్నరలో అయిపోతుంది, వాక్యాలు పొట్టివి. తర్వాత మే, చివర జాన్సన్. వారానికి ఒకటి చాలు.

మొదటి రోజు ప్రసంగ పాఠం చూడకుండా రెండుసార్లు వినాలి. మూడోసారి ఒక నలభై సెకన్ల ముక్క ఎంచుకుని, ఆపుతూ ఆపుతూ, విన్నది విన్నట్టు రాసుకోవాలి. ఆ తర్వాతే పాఠం తెరవాలి. బ్రిటన్ ప్రధానుల ప్రకటనలు వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వీడియో కింద యంత్రం వేసే అక్షరాలను నమ్మొద్దు, పేర్ల దగ్గరా, హెర్డ్ లాంటి చోటా అది కూడా మనలాగే జారుతుంది. మీరు రాసిందానికీ పాఠానికీ తేడా వచ్చిన చోట్లు మూడు రకాలుగా ఉంటాయి: మాట తెలియక పోయినవి, తెలిసినా చెవికి అందనివి, ఏ, ద, టు లాంటి బుల్లి మాటలు. మూడో రకమే ఎక్కువగా తేలుతుంది. వాటిని ఎర్ర ఇంకుతో దిద్దుకోవాలి, సిగ్గుపడి వదిలేయకూడదు.

రెండో రోజు మాటలు ఏరాలి. పన్నెండు మించకూడదు. ఒక్కోదాని పక్కన ఒక గుర్తు: నేను వాడేది, చూస్తే గుర్తుపట్టేది. దెమ్స్ ద బ్రేక్స్, డార్వీనియన్ రెండో గుంపు. సీ త్రూ, రిమోట్లీ, హ్యాండ్‌ఫుల్ (గుప్పెడు, అంటే కొద్ది) మొదటి గుంపు. కార్డు మీద ఒంటరి మాట రాయడం దండగ. దాని వాక్యం మొత్తం రాసి, ఆ మాట ఉన్నచోట ఖాళీ వదలాలి, వెనక వైపు జవాబు, తెలుగులో మీకు తోచిన జాతీయం. ఏ కోశానా, బండారం, ప్రాప్తం లాంటివి. "దూరంగా" అని రాస్తే ఆ కార్డు చించేయొచ్చు. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఒకసారి తిరగేయాలి. మూడు వారాల తర్వాత కూడా ఖాళీ నిండకపోతే తప్పు జ్ఞాపకశక్తిది కాదు, ఆ వాక్యం మీకు పట్టలేదు. వేరే వాక్యం వెతకాలి.

మూడో రోజు పత్రికలు. నాయకుడు దిగిపోయిన మర్నాటి శీర్షికలు ఓ నాలుగు చదివితే ఒకే పని ఎన్ని పేర్లతో తిరుగుతుందో కనిపిస్తుంది. స్టెప్ డౌన్ అంటే తప్పుకోవడం. స్టాండ్ డౌన్ కూడా అదే, బ్రిటన్ వాడుక. క్విట్ శీర్షికల మాట, పొట్టిది కాబట్టి. బౌ ఔట్ అంటే నమస్కారం పెట్టి వెళ్లడం. ఔస్టెడ్ అంటే దింపేశారు, టాపుల్డ్ అంటే కూల్చేశారు. మనకూ ఇదే మెట్ల వరస ఉంది: వైదొలిగారు, తప్పుకున్నారు, గద్దె దిగారు, గద్దె దించారు, ఉద్వాసన పలికారు. దిగారు, దించారు మధ్య రెండక్షరాలే తేడా, కానీ ఒకదానిలో ఆయన కర్త, ఇంకోదానిలో ఆయన కర్మ. ఇంగ్లీషు మాటల్ని ఈ తెలుగు మెట్ల మీద కూర్చోబెట్టడం అరగంట పని. ఇద్దరు కలిసి కూర్చుంటే ఎక్కడ ఏది పెట్టాలని తగువు కూడా వస్తుంది. ఆ తగువే చదువు.

నాలుగో రోజు రాయాలి, వంద మాటల్లో మీ రాజీనామా మెయిల్. నిజంగా పంపక్కర్లేదు. ఫలానా హోదాకు "యాజ్", ఫలానా సంస్థకు "ఫ్రమ్", ఫలానా తేదీ నుంచి "విత్ ఎఫెక్ట్ ఫ్రమ్". చేసిన పనికి ఒక డెలివర్, మిగిలిన పనికి ఒక సీ త్రూ, ఒక రిగ్రెట్. రిగ్రెట్ దగ్గర కాస్త ఆగాలి. "ఐ రిగ్రెట్ టు ఇన్‌ఫామ్ యూ" అంటే ఇప్పుడు చెప్పబోయే చెడు కబురుకు ముందుమాట. "ఐ రిగ్రెట్ లీవింగ్" అంటే వదిలినందుకు పశ్చాత్తాపం. మానేస్తున్నవాడు రెండోది రాస్తే మేనేజరు ఫోన్ చేసి ఆగిపోతావా అని అడిగే ప్రమాదం ఉంది.

రాశాక పైకి చదవండి, రిజైన్‌లో జ పలుకుతోందో లేదో చూసుకుంటూ. తర్వాత ఆ కాగితంలో "టు" అన్న ప్రతిచోటా సున్నా చుట్టి, దాన్ని తెలుగులోకి మార్చి "కి" వస్తోందేమో చూడండి. వస్తే సగానికి సగం అక్కడ ఇంకేదో ఉండాలి.